దద్దురుకూ ఒక పద్దు



గత వేసవిలో మా మేనకోడలు హైదరాబాదు నుండి దొనకొండ వచ్చి మా ఇంట పది రోజులున్నది. ఆమె చేసే ఉద్యోగం పేరు మెడికల్ కోడింగ్. అమెరికాలో ఎక్కడో ఒక వైద్యుడు రోగిని చూసి వ్రాసిన కాగితం ఇక్కడికి చేరుతుంది. దానిని చదివి, అందులోని ప్రతి జబ్బుకూ, ప్రతి చికిత్సకూ నిర్ణీతమైన సంకేతం వేయడం ఆమె పని. ఆ సంకేతాలను చూసే అక్కడి బీమా సంస్థలు వైద్యుడికి సొమ్ము చెల్లిస్తాయి. అమీర్‌పేటలో కొన్ని నెలలు శిక్షణ పొంది ఈ వృత్తిలో కుదురుకున్న మన తెలుగు పిల్లలు ఎందరో ఉన్నారు.

ఒకనాటి మధ్యాహ్నం పెరట్లో వేపచెట్టు కింద మంచం వాల్చుకొని లాప్‌టాప్ ముందేసుకున్నది. ఉన్నట్టుండి, "మామయ్యా, రాష్ అంటే తెలుగులో ఏమనాలి?" అని అడిగింది.

"ఏ రాష్ అమ్మా? దద్దురా, పొక్కా, చెమటకాయా, తట్టా, గజ్జా, చిడుమా, తామరా?" అన్నాను.

ఆమె నవ్వి, "అదే కదా మామయ్యా, డాక్టరు వ్రాయంది! ఉత్త రాష్ అని వ్రాసి ఊరుకున్నాడు. అందుకని దీనికి నేను ఆర్‌21 తప్ప ఇంకేమీ వేయకూడదు" అన్నది.

ఆ "ఉత్త రాష్" అన్న మాట నాకు చురుక్కున తగిలింది. ఆ రెండు మాటల కారణంగానే ఒకప్పుడు మా ఇంట్లో దీపం కొండెక్కబోయింది. ఆ సంగతి తర్వాత మనవి చేస్తాను. ముందుగా, ఒంటిమీద లేచే మచ్చలకూ పొక్కులకూ మనుషులు ఎట్లా పేర్లు పెట్టారో, వాటిని ఎట్లా పద్దు వ్రాశారో ఆ చరిత్ర కొంత చెప్పుకుందాం. భాష చెప్పి బ్రతికినవాణ్ణి, వైద్యుణ్ణి కాను. అయితే ఇది సగం వైద్యం, సగం భాష.

పండిత శిక్షణ పొందినవారికి మొదటి పాఠం అమరకోశం. దాని రెండవ కాండలో మనుష్యవర్గమున్నది. మనిషికి సంబంధించిన మాటల నడుమ రోగాల పేర్లు కూడా వస్తాయి. కిలాసం, సిధ్మం, కచ్ఛువు, పామ, విచర్చిక, కండువు, ఖర్జువు, విస్ఫోటం, పిటకం... ఇట్లా చర్మరోగాలే ఒక గుంపు. వీటిలో కచ్ఛువు, పామ, విచర్చిక అన్నవి అమరసింహుడికి పర్యాయపదాలు. మూడింటికీ అర్థం ఒక్కటే. పద్యం కట్టుకునేవాడికి ఇది వరం. గణం దేనితో కుదిరితే దానిని వాడుకుంటాడు.

చరకసంహిత తెరిస్తే వ్యవహారం వేరు. అక్కడ కుష్ఠమన్న పేరు నేటి లెప్రసీ ఒక్కదానికే కాదు, చర్మాన్ని చెరిపే రోగాల కుటుంబానికంతటికీ ఇంటిపేరు. అవి 18. ఏడు మహాకుష్ఠాలు, పదకొండు క్షుద్రకుష్ఠాలు. ఈ పదకొండులో పామ వేరు, విచర్చిక వేరు. దద్రువు, చర్మదళం, విస్ఫోటం ఇంకా వేరు. వేటికవి లక్షణాలతో చెప్పబడ్డాయి. మాధవకరుడు తన మాధవనిదానంలో మసూరికకు ఒక అధ్యాయమే కేటాయించాడు. మసూరపప్పు గింజల్లాంటి పొక్కులు గనుక మసూరిక. మన మశూచికం దానికి చుట్టమే. రోమాంతికను, అంటే మనం తట్టు అనేదానిని, ఆ సందర్భంలోనే చెప్పాడు. దురద పుట్టించి లేచి అణిగిపోయే దద్దురులను శీతపిత్తం, ఉదర్దం, కోఠం అని విడదీశాడు.

అంటే నిఘంటుకారుడు కలిపినదానిని వైద్యుడు విడదీశాడన్నమాట. తప్పు ఎవరిదీ కాదు. ఒకరికి కావలసింది మాట, ఇంకొకరికి కావలసింది మనిషి బ్రతకడం. మరో చిత్రం చూడండి. సంస్కృతంలో దద్రువు అంటే తామర. తెలుగులో దద్దురు అంటే తామర కాదు, కందిరీగ కుట్టినట్టు లేచే ఉబ్బు. చెవికి ఒకటిగా వినిపించినా చర్మంమీద అవి రెండు వేరు జబ్బులు. ఇక తామర అన్న మాటకు మన తెలుగులో కొలనులోని పువ్వు కూడా అర్థమే. శ్లేష కావ్యానికి అందం. మందుల చీటీకి మాత్రం ప్రమాదం.

ఇక మా పల్లెల సంగతి. మార్కాపురం, గిద్దలూరు, కంభం, దొనకొండ... ఈ మెట్టప్రాంతంలో మా చిన్నతనాన జ్వరంతో ఒళ్ళంతా పొక్కులు లేస్తే "అమ్మవారు పోసింది" అనేవారు. పెద్దమ్మవారంటే మశూచి. చిన్నమ్మవారు లేక ఆటలమ్మ అంటే నేటి చికెన్‌పాక్స్. తట్టంటే మీజిల్స్. అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవారు. బయటివారు లోనికి రారు, లోపలివారు పెళ్ళిళ్ళకూ తిరునాళ్ళకూ పోరు. పొక్కులు మాడిన తర్వాత వేపాకు, పసుపు రాచి, తలకు పోసి, అమ్మవారిని సాగనంపేవారు. ఈ ఆచారాన్ని మూఢత్వమని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. గుమ్మానికి కట్టిన వేపమండ ఊరికంతటికీ చదవడం వచ్చిన ఒక సంకేతం. అక్షరం రానివాడు కూడా దానిని చూసి ఆగిపోయేవాడు.

ఆ సంకేతానికి ఒక లోపమున్నది. ఏ అమ్మవారికైనా అదే వేపమండ. ప్రబలమైన మశూచి సోకిన వందమందిలో సుమారు ముప్పైమంది చనిపోయేవారు. బ్రతికినవారికి ముఖాన గుంటలు, కొందరికి కంటిచూపు పోవడం. ఆటలమ్మ సాధారణంగా వచ్చిపోయే జబ్బు. తట్టు పైకి చిన్నదిగా కనిపించినా తిండిలేని పిల్లలను ఊపిరితిత్తుల జబ్బులోకి దించి తీసుకుపోయేది. ముగ్గురమ్మలకూ ఒకే మండ! దేవతపేరు పెట్టగానే ఇక అడగవలసిన ప్రశ్నలు ఆగిపోయేవి. ఎన్నవ రోజు, ఎక్కడ మొదలు, ఎట్లా ఉన్నది అన్న విచారణ అపచారంగా తోచేది.

ఊరి చావుపుట్టుకల లెక్క వ్రాయవలసిన బాధ్యత నాటి మద్రాసు రాష్ట్రంలో గ్రామాధికారులది. 1899లో ఇందుకొక చట్టమే చేశారు. మా మాతామహులు కరణీకం చేసినవారు. చావుకు కారణం వ్రాయడానికి ఆ రోజుల్లో ఉన్న గడులు బహు కొద్ది. కలరా, మశూచి, ప్లేగు, జ్వరం, విరేచనాలు, శ్వాసకోశ వ్యాధులు, దెబ్బలు, తక్కినవన్నీ. ఇంతే. "చెప్పినవాడు చెప్పిందే మేము వ్రాసేవాళ్ళం నాయనా" అనేవారాయన. చెప్పేవాడు తలారి. తలారికి చెప్పేది ఏడుస్తున్న తల్లి. తట్టుతో పోయిన బిడ్డ జ్వరం గడిలోకి పోవచ్చు, మశూచి గడిలోకీ పోవచ్చు. నాటి ఆరోగ్యశాఖ అధికారులు సైతం జ్వరమన్న గడి సగం రోగాలను మింగేస్తున్నదని వాపోయేవారు. 1984లో కరణీకాలు రద్దయ్యాయి. అంతకుముందే 1969లో దేశమంతటికీ జనన మరణాల నమోదు చట్టం వచ్చింది. గడుల సంఖ్య పెరిగింది గాని, చెప్పేవాడు ఎంత చెబితే వ్రాసేవాడు అంతే వ్రాస్తాడన్న న్యాయం మారలేదు.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. మశూచినీ తట్టునూ లక్షణాలతో విడదీసి ఒక గ్రంథమే వ్రాసినవాడు పర్షియా వైద్యుడు అల్ రాజీ, సుమారు వెయ్యేళ్ళ క్రితం. మశూచి వేరు, ఆటలమ్మ వేరు అని లండనులో విలియం హెబర్డెన్ స్పష్టంగా నిరూపించింది 1767లో. అంతదాకా అక్కడివారికీ ఆ ఇద్దరమ్మల నడుమ గీత సరిగా కనబడలేదు. ఆ తర్వాత రాబర్ట్ విల్లన్ అనే వైద్యుడు చర్మరోగాలకు వ్యాకరణం వంటిది వ్రాశాడు. కారణం జోలికి పోకుండా, కంటికి కనిపించే రూపాన్ని బట్టి ఎనిమిది తరగతులు చేశాడు. చిన్న గట్టి పొక్కు, పొలుసు, ఎర్రని కమ్ముడు, పెద్ద నీటిబుడగ, చీముపొక్కు, చిన్న నీటిపొక్కు, గడ్డ, మచ్చ. 1808లో వెలువడిన ఆయన గ్రంథం నేటికీ చర్మవైద్యుల పరిభాషకు పునాది. వ్యాకరణం చెప్పినవాడిగా నాకీయన మీద ప్రత్యేకాభిమానం. ధాతువు తెలియకపోయినా రూపం సరిగా గుర్తించడం విద్యార్థి మొదటి పని కదా!

రూపం గుర్తించిన తర్వాత దేశాలన్నిటికీ ఒకే పేరు కావాలి. ఇంగ్లండులో జనన మరణాల శాఖలో పనిచేసిన విలియం ఫార్ 1839లో తన మొదటి నివేదికలోనే ఈ మొర పెట్టుకున్నాడు. ఒక జబ్బుకు నాలుగు పేర్లు, ఒక పేరుకు నాలుగు జబ్బులు ఉంటే లెక్క ఎట్లా తేలుతుందని ఆయన బాధ. భౌతికశాస్త్రానికి తూనికలూ కొలతలూ ఎట్లాగో, వైద్యానికి పేర్లు అట్లాగన్నది ఆయన వాదం. 1893లో షికాగోలో జరిగిన అంతర్జాతీయ గణాంక సంస్థ సమావేశంలో ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్టిలాన్ మరణ కారణాల జాబితా సమర్పించాడు. దానిని పదేళ్ళకొకసారి సవరిస్తూ వచ్చారు. అప్పటిదాకా అది ప్రధానంగా చావుల జాబితా. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేపట్టిన ఆరవ సవరణతో బ్రతికి ఉన్నవారి జబ్బులకు కూడా అందులో నిండుగా చోటు దొరికింది. 1990లో ఆమోదం పొందిన పదవ సవరణే మా మేనకోడలి చేతిలోని సంకేతాలకు మూలం. అమెరికా దానిని తన అవసరానికి పెంచుకొని 2015 అక్టోబరు 1 నుండి వాడకంలో పెట్టింది. అంతకుముందు అక్కడ సుమారు 14 వేల రోగసంకేతాలుంటే, ఆ రోజుతో అవి సుమారు 69 వేలైనాయి. పదకొండవ సవరణ 2019లో ఆమోదం పొంది, 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది.

ఇంత పెద్ద పట్టికకు ప్రాణం పోసేది ఎవరు? దీనికి జవాబు నేను పదవ తరగతిలో ఉండగా కళ్ళారా చూశాను.

అది 1975. దేశంలో మశూచి నిర్మూలన చివరి ఘట్టం. 1973 చివర నుండి ఇంటింటి గాలింపు సాగుతున్నది. మశూచి కేసు చూపించినవారికి వెయ్యి రూపాయల బహుమానమని ప్రకటనలు. ఒకరోజు మా పాఠశాలకు ఆరోగ్యశాఖ ఉద్యోగి ఒకాయన వచ్చి, పొక్కులు లేచిన పసిబిడ్డ బొమ్మ ఉన్న ఒక కార్డు తరగతి తరగతికీ చూపించాడు. "ఇటువంటివారు మీ ఊళ్ళో ఉన్నారా?" అని అడిగాడు. మాలో ఒకడు లేచి, "మా చెల్లెలికి అమ్మవారు పోసిందండీ" అన్నాడు. వెయ్యి రూపాయలు కళ్ళముందు ఆడుతుండగా మేము నలుగురం ఆయన వెనుక నడిచాం.

గుమ్మానికి వేపమండ ఉన్నది. ఆయన చెప్పులు విడిచి, ఆ తల్లికి దండం పెట్టి, గడపలోనే కూర్చున్నాడు. అమ్మవారు కాదని ఆమెతో వాదించలేదు. "జ్వరం ఏనాడు మొదలైందమ్మా? పొక్కులు ఏనాడు? ముందు ముఖాన లేచాయా, పొట్టమీద లేచాయా?" అని అడిగాడు. పాప అరచేతులు తిప్పి చూశాడు, అరికాళ్ళు చూశాడు. పొక్కులన్నీ ఒకే ఈడువా, కొన్ని నీటితో, కొన్ని ఎండి ఉన్నాయా అని పరీక్షించాడు. ప్రతి జవాబూ పుస్తకంలో వ్రాసుకున్నాడు. మశూచి అయితే పొక్కులు ముఖం మీదా కాళ్ళుచేతుల మీదా దట్టంగా లేస్తాయి, అరచేతుల్లోనూ అరికాళ్ళలోనూ కూడా వస్తాయి, ఒకచోట ఉన్నవన్నీ ఒకే దశలో ఉంటాయి. ఆటలమ్మ అయితే నడుమూ వీపూ ఎక్కువ, తడవలు తడవలుగా లేస్తుంది గనుక లేతవీ ముదురువీ పక్కపక్కనే ఉంటాయి. "ఇది చిన్నమ్మవారేనమ్మా, భయం లేదు" అని లేచాడు. వెయ్యి రూపాయలు పోయాయని మేము దిగాలుపడ్డాం. ఆ తల్లి ముఖంలోని వెలుగు అప్పుడు మాకు పట్టలేదు.

మన దేశపు గడ్డమీద పుట్టిన చివరి మశూచి కేసు బీహారులోని కటిహార్‌లో 1975 మే 17న నమోదైంది. వారం తర్వాత, మే 24న, బయటి దేశం నుండి వచ్చిన చివరి కేసు అస్సాంలోని కరీంగంజ్‌లో బయటపడింది. అంతటితో పుస్తకాలు మూసివేయలేదు. జ్వరమూ పొక్కులూ కలిసి కనబడిన కేసులను ఆ తర్వాత కూడా నమోదు చేసి విచారించారు. అనుమానమున్నచోట పొక్కులమీది పెచ్చులు సేకరించి పరీక్షకు పంపారు. 1977 ఏప్రిల్‌లో భారతదేశం మశూచి లేని దేశమని ధ్రువీకరించారు. 1980 మేలో ప్రపంచమంతటా అది పోయిందని ప్రకటించారు. టీకా ఎంత చేసిందో, ఆ పుస్తకం కూడా అంత చేసిందని నా నమ్మకం. "మశూచి లేదు" అనగలగాలంటే, ఉన్న ప్రతి పొక్కూ ఏమిటో వ్రాసి చూపాలి కదా! పదవ సవరణలో మశూచికి బి03 అన్న సంకేతం నేటికీ ఉన్నది. రోగం పోయినా, ఒకవేళ తిరిగి కనబడితే గుర్తించడానికి ఆ గడి ఉంచామని దాని కిందనే సూచన వ్రాశారు. పెద్దమ్మవారికి కట్టిన చివరి వేపమండ అదేననిపిస్తుంది నాకు.

వ్రాతకున్న బలానికి మా ప్రాంతంలోనే మరొక నిదర్శనం ఉన్నది. అది చర్మానిది కాదు, పళ్ళదీ ఎముకలదీ. మా మెట్ట గ్రామాల్లో గారపళ్ళూ, వంగిన నడుములూ తరతరాలుగా ఉన్నవే. కర్మ అనుకున్నారు, ఊరి గుణమనుకున్నారు. 1937లో షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో పరిశీలించి, ఇది తాగేనీటిలోని ఫ్లోరైడు వల్ల వచ్చే రోగమని వైద్యపత్రికలో వ్రాశారు. నేటి పట్టికలో ఆ పళ్ళకు కె00.3, ఆ ఎముకలకు ఎం85.1. వ్రాసినంత మాత్రాన నీరు తీయనైపోలేదు, నిజమే. అయితే కర్మ అన్నంతకాలం అర్జీ పెట్టుకోవడానికి దారి లేదు. రోగమని వ్రాసిన తర్వాతనే మంచినీళ్ళివ్వమని అడిగే హక్కు పుట్టింది.

ఇప్పుడు మా ఇంటి సంగతి.

2006లో మా ఇంటావిడకు మూత్రంలో మంట వచ్చింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించాం. మాత్రలిచ్చారు. వారం తిరక్కుండా ఒళ్ళంతా ఎర్రగా కమ్మింది. మళ్ళీ వెళితే ఆ మాత్రలు మాన్పించి, వేరేవి ఇచ్చి, చీటీ మీద "రాష్" అని ఒక్క మాట వ్రాశారు. నాలుగు రోజుల్లో కమ్ముడు అణిగిపోయింది. చీటీని నేను దారానికి గుచ్చి అటకమీద పెట్టాను. ఏ మాత్ర వల్ల వచ్చిందో వారు వ్రాయలేదు, నేను అడగలేదు.

ఏడేళ్ళ తర్వాత, 2013లో, ఆమెకు మళ్ళీ అదే బాధ. ఊరు వేరు, వైద్యులు వేరు. "పడని మందులేమైనా ఉన్నాయా?" అని వారు అడిగారు కూడా. "ఎప్పుడో ఏదో మాత్ర పడలేదండీ" అన్నది ఆమె. ఏదో మాత్ర అంటే వారు మాత్రం ఏం చేస్తారు? వ్రాసి ఇచ్చినది సల్ఫా జాతి మందు. మొదటిసారి వాడినదీ అదే. రెండవరోజుకు జ్వరం, కళ్ళు ఎర్రబడ్డాయి, పెదవులు పొక్కాయి. మరునాటికి వీపుమీద చర్మం తడి కాగితంలా జారడం మొదలైంది. రాత్రికి రాత్రి గుంటూరు తీసుకుపోయాం. ఇరవై రోజులు అక్కడ ఉన్నాం. మింగలేదు, కళ్ళు తెరవలేదు. పాత చీటీలు తెమ్మని ఒక యువ వైద్యుడు అడిగితే మా అబ్బాయి అటకమీది కట్ట తెచ్చాడు. ఆయన ఒక్కొక్కటే తిప్పి, 2006 నాటి చీటీ దగ్గర ఆగి, "ఇక్కడ మందు పేరు ఒక్కటి వ్రాసి ఉంటే..." అని ఆ మాట అక్కడే ఆపేశాడు.

దేవుడి దయవల్ల, ఆ వైద్యుల పుణ్యాన ఆమె బ్రతికింది. చర్మంమీద నల్లమచ్చలు చాలాకాలం ఉన్నాయి. కళ్ళు పొడిబారడం ఇంకా ఉన్నది. మూడున్నర దశాబ్దాలు పిల్లల నోటుపుస్తకాల్లో దీర్ఘం తప్పితే ఎర్రసిరాతో సున్న చుట్టినవాణ్ణి నేను. నా ఇల్లాలి ప్రాణమున్న చీటీలో ఒక పదం లోపిస్తే పట్టించుకోలేదు. ఆసుపత్రి వారిని అనే ముందు నన్ను నేను అనుకోవాలి.

ఈ కథ విని మా మేనకోడలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన లాప్‌టాప్ నా వైపు తిప్పి చూపించింది. "మామయ్యా, మందు వల్ల ఒళ్ళంతా వచ్చిన రాష్ అని వ్రాసి ఉంటే ఎల్27.0. ఏ మందో చెప్పడానికి దానికి తోడు ఇంకొక సంకేతం. ఇక అత్తయ్య ఎక్కడికి పోయినా వెంట ఉండవలసింది జడ్88.2. సల్ఫా మందు పడదు అన్న చరిత్రకు అదే గుర్తు. ఇవన్నీ పట్టికలో ఉన్నాయి. డాక్టరు వ్రాయకపోతే నేను ఊహించి వేయకూడదు. సందేహముంటే ఆయన్ని తిరిగి అడగవచ్చు, అంతే. వ్రాయనిది జరగనట్టే లెక్క, మా దగ్గర మొదటి పాఠం అది."

నేను ఆర్‌21ను తిట్టబోయాను. ఆమె ఒప్పుకోలేదు. "అది చెడ్డ సంకేతం కాదు. నిజంగా ఏమిటో ఇంకా తెలియనప్పుడు, అనుమానాన్ని రోగంగా వ్రాయకుండా, తెలియదని ఒప్పుకోవడానికే అది ఉన్నది" అన్నది. ఆ మాట నన్ను ఆలోచనలో పడేసింది. తెలియక తెలియదనడం వినయం. తెలిసీ వ్రాయకపోవడం అలసత్వం. పైనుండి చూస్తే రెండింటికీ ఒకే సంకేతం పడుతుంది. ఎంత గొప్ప పట్టికైనా ఆ తేడా పట్టలేదు. పట్టగలిగేది కలం పట్టినవాడే. ముగ్గురమ్మలకూ ఒకే వేపమండ కట్టిన మా ఊరికీ, అన్నిటికీ "రాష్" అని వ్రాసే చేతికీ ఏం తేడా ఉన్నదని అడగాలనిపిస్తుంది. మండ కట్టినవారు కనీసం గుమ్మంలో కట్టారు, పక్కింటివాడు చూసి జాగ్రత్తపడ్డాడు.

మన ప్రాచీనుల విభాగాలు కూడా ఇప్పుడు ఈ పట్టికలోకి వస్తున్నాయి. 2017లో మన ఆయుష్ శాఖ దేశీయ వైద్యాల పరిభాషకు నమస్తే అనే పోర్టల్ ఏర్పరచింది. 2024 జనవరిలో ఆయుర్వేద, సిద్ధ, యునానీ వైద్యాల రోగనామాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పదకొండవ సవరణలో ప్రత్యేక భాగం విడుదల చేసింది. సంతోషమే. పేరు ఏ భాషదైనా, దాని వెనుక చూసిన కన్ను ఉండాలి. చరకుడి గొప్పతనం 18 అన్న అంకెలో లేదు, అన్నింటిని విడివిడిగా చూసిన ఓపికలో ఉన్నది. గడపలో కూర్చొని పాప అరచేతులు తిప్పి చూసిన ఆ ఉద్యోగికీ అదే ఓపిక. నేను పని చేసిన చివరి సంవత్సరాల్లో, 2017లో, మన రాష్ట్రంలో తట్టు, రుబెల్లా టీకాలు బడుల్లో వేశారు. పిల్లల జాబితాలు వ్రాసే పని మాకు పడింది. తక్కిన ఉపాధ్యాయులు విసుక్కుంటుంటే నేను మాత్రం ప్రతి పేరూ దీర్ఘాలు చూసుకుని వ్రాశాను. అందుకు కారణం మా ఇంట్లో ఉన్నది.

చదువరులకు నాదొక విన్నపం. పొక్కు మూడు రోజుల్లో మాడిపోతుంది. వైద్యుడి దగ్గరకు చేరేసరికి ఒక్కోసారి అణిగే ఉంటుంది. కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఒంటిమీద ఏదైనా లేస్తే, పేరు పెట్టడానికి తొందరపడకండి. ఎప్పుడు లేచింది, ఎక్కడ మొదలైంది, ఎట్లా ఉన్నది, అంతకుముందు పదిహేను రోజుల్లో ఏ మందు వాడారు, జ్వరమున్నదా, కంట్లోగాని నోట్లోగాని పుండ్లున్నాయా అన్నవి ఒక కాగితం మీద వ్రాసుకొని వెళ్ళండి. కంట్లో, నోట్లో వస్తే ఆ కాగితం కోసం కూడా ఆగకండి, ముందు బయలుదేరండి. పడని మందు తేలితే దాని పేరు వైద్యుడి చేత పెద్ద అక్షరాలతో వ్రాయించుకోండి.

మా ఇంటావిడ పర్సులో గుంటూరు వైద్యుడు ఎర్రసిరాతో వ్రాసి ఇచ్చిన కాగితముక్క ఒకటి ఉన్నది. మడతల దగ్గర చిరిగితే అట్ట అతికించాను. మొన్న మా మేనకోడలు తిరిగి వెళుతూ, దాని కింద తన దస్తూరీతో జడ్88.2 అని చేర్చింది. ఆ అక్షరాన్ని మా ఆవిడ చదవలేదు, అవసరమూ లేదు. చదవగలిగినవాడి చేతికి అది చేరితే చాలు.

మీ మీ ఊళ్ళలో దద్దురులకూ పొక్కులకూ ఏయే పేర్లున్నాయో తెలియజేస్తే సంతోషిస్తాను. ఒక పట్టిక తయారు చేయాలని ఉన్నది. ఈసారి పర్యాయపదాలుగా కాదు, వేటికవిగా.